మధురవాడ కంప్యూటరు, డల్లాస్ మౌసు

2025 మే 5న స్కైప్ మూతపడింది. విదేశాల్లో ఉన్న పిల్లల ముఖం చూడడానికి ఎందరో అమ్మానాన్నలు కష్టపడి నేర్చుకున్న మొట్టమొదటి కంప్యూటరు పని అదే. అదే ఏడాది అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ఒకే ఏడాదిలో ఇంట్లో అలవాటైన ప్రోగ్రామ్ ఒకటి పోయింది, కంప్యూటరును నడిపించే విండోసే పాతబడిపోయింది. ఈ రెండూ సర్దుకోవాలంటే పక్కన కూర్చుని చేసిపెట్టే మనిషి కావాలి. ఆ మనిషేమో చాలా ఇళ్లలో వేల కిలోమీటర్ల అవతల ఉన్నాడు.

విశాఖపట్నంలోని మధురవాడలో ఈ సంగతి ఇంకాస్త గట్టిగా తెలుస్తుంది. ఒకవైపు రుషికొండ ఐటీ కొండలు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ తన కేంద్రాన్ని తెరిచింది ఆ వైపే. ఇంకోవైపు మిథిలాపురి కాలనీ, కొమ్మాది, పీఎం పాలెం అపార్టుమెంట్లు. స్టీలుప్లాంటులోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో, నేవల్ డాక్‌యార్డులోనో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాళ్లు వాటిల్లో స్థిరపడ్డారు. పిల్లలు కంప్యూటరు చదువులు చదివి హైదరాబాదుకో, బెంగళూరుకో, డల్లాసుకో, న్యూజెర్సీకో వెళ్లారు. కొడుకు నడిపే కంప్యూటర్లు ప్రపంచమంతా ఉంటాయి, నాన్న బల్లమీదున్న ఒక్కటి మాత్రం చేతికి అందదు.

అప్పుడు నడిచే సంభాషణ ఉత్తరాంధ్రలో ఎవరికైనా తెలిసిందే.

"ఒరే, ఏటో నీలం డబ్బా ఒకటి వచ్చిందిరా. నొక్కీమంటంది."

"ఏం రాసుందో చదువు నాన్నా."

"ఇంగ్లీషులో ఏటేటో రాసుంది. నొక్కీనా, వద్దా?"

మధురవాడలో రాత్రి తొమ్మిదైతే వేసవికాలంలో డల్లాసులో పొద్దున్న పదిన్నర. కొడుకు ఆఫీసు మీటింగుకీ మీటింగుకీ మధ్య ఉంటాడు. తెరమీద ఉన్నదేమిటో మాటల్లో చెప్పడం నాన్నకు కష్టం, వినేదాన్నిబట్టి ఊహించుకోవడం కొడుక్కి కష్టం. పావుగంట గడిచేసరికి ఇద్దరి గొంతులూ పెరుగుతాయి. ఇందులో తెలివితక్కువతనం ఎవరిదీ కాదు. ఒకే తెర ఇద్దరికీ కనిపించకపోవడమే అసలు చిక్కు.

అందుకే దూరం నుంచి కంప్యూటరు చూసే సాఫ్ట్‌వేర్ ఏదని వెతకబోయే ముందు, చేతిలో ఉన్న ఫోనును గుర్తుచేసుకోవాలి. వాట్సాప్ వీడియో కాల్ చేసి, ఫోను కెమెరాను మానిటరు వైపు తిప్పితే సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి. చిక్కు ఫోనులోనే ఉంటే 2023 ఆగస్టు నుంచి వాట్సాప్ వీడియో కాల్‌లోనే స్క్రీన్ షేర్ చేసే వీలు వచ్చింది. అందులో అవతలివాళ్లు చూడగలరు, ముట్టుకోలేరు. కొత్తగా ఏదీ దించుకోనక్కర్లేదు. "కుడిచేతివైపు పైన గుణకారం గుర్తు ఉంది చూడమ్మా, అది నొక్కు" అంటే చాలు, అమ్మ చేతే నొక్కుతుంది. మర్నాడు అదే డబ్బా మళ్లీ వస్తే ఫోను చేయాల్సిన పని ఉండదు.

అయినా కొన్ని పనులు చూపుతో తెగవు. పాత కంప్యూటరులో చోటు ఖాళీ చేయాలి, ప్రింటరు డ్రైవరు మార్చాలి, బ్రౌజరులో తెలియకుండా చేరిన చెత్త టూల్‌బార్లు తీసేయాలి. వీటికి నలభై క్లిక్కులు కావాలి. అప్పుడు మౌసు అందుకోవాల్సిందే.

ఇలా దూరం నుంచి మౌసు అందుకునే విద్య కొత్తదేమీ కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒలివెట్టి కంపెనీ పరిశోధనశాల 1990ల చివర్లో వీఎన్‌సీ అనే ప్రోగ్రామ్ తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఆ ల్యాబ్ 2002లో మూతపడ్డాక అక్కడివాళ్లే రియల్ వీఎన్‌సీ కంపెనీ పెట్టారు. కాకపోతే ఆ రోజుల్లో బయటి ఊరి నుంచి ఇంటి కంప్యూటరును అందుకోవాలంటే రౌటరు సెట్టింగులు మార్చాల్సి వచ్చేది. ఇంటి రౌటరు స్వభావమే అంత. లోపలి నుంచి బయటికి వెళ్లే పిలుపుకు దారి ఇస్తుంది, అడగకుండా బయటి నుంచి వచ్చే పిలుపును ఆపేస్తుంది. పైగా ఇంటర్నెట్ కంపెనీలు చాలాచోట్ల ఒకే పబ్లిక్ చిరునామాను ఎన్నో ఇళ్లకు కలిపి వాడుతున్నాయి కాబట్టి ఫలానా ఇల్లు అని బయటివాడికి దొరకడమే కష్టం.

ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ఈ చిక్కును మధ్యవర్తితో విప్పాయి. మధురవాడ కంప్యూటరూ, డల్లాస్ కంప్యూటరూ రెండూ ముందు కంపెనీ సర్వరుతో కలుస్తాయి. రెండు వైపులా కోడ్ సరిపోతే సర్వరు ఆ ఇద్దర్నీ జతచేస్తుంది. ఆ తర్వాత వీలైతే నేరుగా, కాకపోతే సర్వరు మీదుగా, ఇటు నుంచి తెర బొమ్మలు వెళ్తాయి, అటు నుంచి మౌసు కదలికలు వస్తాయి. అన్నీ ఎన్‌క్రిప్ట్ అయ్యే ప్రయాణిస్తాయి. ఆ దూరం వెళ్లి రావడానికి దాదాపు పావు సెకను పడుతుంది. అందుకే డల్లాసులో మౌసు కదిపితే ఇక్కడ బాణం గుర్తు కాస్త ఆలస్యంగా, ఈడ్చుకుంటూ కదులుతుంది. పెద్దవాళ్లు దాన్ని చూసి కంప్యూటరు పాడైందనుకుంటారు. ముందే ఒక మాట చెప్పి ఉంచాలి.

ఇక దేన్ని ఎంచుకోవాలన్నది. పేర్లు చాలా ఉన్నాయి గానీ ఒక ఇంటికి ఒకటి చాలు.

విండోస్ కంప్యూటరు ఉన్న ఇంట్లో వెతకాల్సిన పనే లేదు. క్విక్ అసిస్ట్ అనే ప్రోగ్రామ్‌ను మైక్రోసాఫ్ట్ 2016 నుంచి విండోస్‌తోపాటే ఇస్తోంది. కనిపించకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది. కంట్రోల్, విండోస్, క్యూ మీటలు మూడూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. డల్లాసులో కొడుకు తన మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్తే ఆరు అక్షరాల కోడ్ వస్తుంది. దాన్ని ఫోనులో నాన్నకు చెప్తాడు, నాన్న ఇక్కడ టైపు చేస్తాడు. నాన్నకు ఏ ఖాతా అక్కర్లేదు. కాసేపటికి ఆ కోడ్ చెల్లకుండా పోతుంది. స్క్రీన్ చూపించడానికి ఒకసారి, మౌసు ఇవ్వడానికి విడిగా ఇంకోసారి నాన్న అనుమతి ఇవ్వాలి. ఆ రెండో అనుమతి అడగకుండానే చాలా పని జరిపించవచ్చు. క్విక్ అసిస్ట్‌లో లేజర్ పాయింటర్ ఉంది. కొడుకు అక్కడి నుంచి తెరమీద ఎర్రటి చుక్కతో చూపిస్తాడు, మౌసు నాన్న చేతిలోనే ఉంటుంది. ఈ మొత్తం వ్యవహారంలో పెద్దవాళ్ల ఆత్మగౌరవానికి ఇంత మేలు చేసే ఏర్పాటు మరొకటి లేదు. క్రేను నడిపిన చేతులకీ, రోలింగు మిల్లు నడిపిన చేతులకీ మౌసు ఒక లెక్క కాదు. ఎక్కడ నొక్కాలో చూపించేవాళ్లు కావాలి, అంతే.

ఒక్కచోట మాత్రం అందరూ కంగారుపడతారు. ఏదైనా కొత్త ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు విండోస్ "అనుమతిస్తారా" అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఇంట్లో తెరమీదే కనిపిస్తుంది, కొడుకు తెర మాత్రం నల్లబడిపోతుంది. లైను తెగిపోయిందని ఇద్దరూ అనుకుంటారు. తెగలేదు. ఆ ప్రశ్నకు జవాబు కంప్యూటరు ముందు కూర్చున్న మనిషే చెప్పాలని విండోస్ పెట్టుకున్న కట్టుబాటు అది. నాన్న "ఎస్" నొక్కితే మళ్లీ అటువైపు తెర వెలుగుతుంది.

ఒకవైపు మ్యాక్, ఒకవైపు విండోస్ ఉన్నవాళ్లకు క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ నప్పుతుంది. గూగుల్ దీన్ని 2011లో మొదలుపెట్టింది, ఇప్పటికీ ఉచితమే. ఇందులో కోడ్ నడిచే దారి తిరగబడుతుంది. పన్నెండు అంకెల కోడ్ ఇంటి కంప్యూటరు మీద పుడుతుంది, నాన్న దాన్ని చదివి కొడుక్కి చెప్తాడు. ఒక కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, అదీ అయిదు నిమిషాల్లోపు వాడితేనే. కూర్చున్నాక ప్రతి అరగంటకూ "ఇంకా చూపించమంటారా" అని ఇంటి తెర అడుగుతుంది. నాన్న కాఫీకి లేచి వెళ్లి జవాబు చెప్పకపోతే పని ఆగిపోతుంది. చిరాకు పెట్టే ఏర్పాటే, కానీ మంచి ఏర్పాటు.

ఇంట్లో ఇద్దరి దగ్గరా ఐఫోన్లే ఉంటే ఫేస్‌టైమ్ చాలు. 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి తెర చూడడమే కాదు, అనుమతి అడిగి అవతలి ఫోనును నడిపించవచ్చు కూడా.

టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ పేర్లు అందరికీ తెలిసినవే. రెండూ జర్మనీవి. మొదటిది 2005లో, రెండోది 2014లో మొదలయ్యాయి. సొంత అవసరాలకు ఉచితం. పనితనంలో వంక పెట్టడానికి లేదు, నెమ్మదిగా ఉన్న నెట్ మీద కూడా బాగా నడుస్తాయి. కాకపోతే వాడకం కాస్త ఎక్కువైతే ఇది వ్యాపారానికి వాడుతున్నట్టుందని అనుమానించి మధ్యలో ఆపేస్తుంటాయి. అమ్మానాన్నలతోపాటు అత్తమామలకూ, పెదనాన్నకూ చేసిపెట్టే పిల్లలకు ఈ అనుభవం ఎదురవుతుంది. 2024 ఫిబ్రవరిలో ఎనీడెస్క్ తన సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారని స్వయంగా ప్రకటించింది, వెబ్‌సైటు పాస్‌వర్డులను మార్పించింది, కొత్త వెర్షను వేసుకోమంది. దాచకుండా చెప్పినందుకు ఆ కంపెనీని మెచ్చుకోవాలి. ఎప్పుడో మూడేళ్ల కిందట ఎక్కించి మరిచిపోయిన పాత వెర్షను ఎంత ప్రమాదమో కూడా దాన్నిబట్టి తెలుసుకోవాలి. ఎవరి సర్వరునూ నమ్మనివాళ్లకు రస్ట్‌డెస్క్ ఉంది. దాని కోడు బహిరంగం, మధ్యవర్తి సర్వరును సొంతంగా పెట్టుకోవచ్చు. ఐటీ కొండమీద పనిచేసేవాళ్లకు అది సరదా, మిగతావాళ్లకు బరువు.

విండోస్‌లోనే రిమోట్ డెస్క్‌టాప్ అని ఇంకొకటి ఉంది. ఇళ్లలో ఎక్కువగా ఉండే హోమ్ ఎడిషన్‌కు దాన్ని బయటి నుంచి అందుకునే వీలు లేదు. ప్రో ఎడిషన్ ఉన్నా సరే, దానికోసం రౌటరులో దారి తెరిచి నేరుగా ఇంటర్నెట్‌కు వదిలిపెట్టకూడదు. అది వాడే 3389 నంబరు పోర్టు ఎక్కడ తెరిచి ఉందా అని వెతికే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి.

ఇన్ని చెప్పినా అసలు ప్రశ్న సాఫ్ట్‌వేర్ పేరు కాదు. గడియ ఎటువైపు ఉందన్నదే ప్రశ్న. పైన చెప్పిన క్విక్ అసిస్ట్‌లోనూ, క్రోమ్ కోడ్ పద్ధతిలోనూ గడియ లోపలివైపు ఉంటుంది. ఇంట్లో మనిషి తీస్తేనే తలుపు తెరుచుకుంటుంది, పని అయ్యాక మూసుకుంటుంది. ఇంకో పద్ధతిలో ఒకసారి పాస్‌వర్డు పెట్టేస్తే ఇంట్లో ఎవరూ లేకపోయినా కొడుకు ఎప్పుడంటే అప్పుడు రావచ్చు. అది హాయిగా కనిపిస్తుంది. నాన్నను నిద్రలేపకుండా అర్ధరాత్రి అప్‌డేట్లు పెట్టుకోవచ్చు. కానీ ఆ పాస్‌వర్డు కొడుకు దగ్గర పోయినా, ఆ కంపెనీ దగ్గర పోయినా నాన్న కంప్యూటరు మొత్తం పోయినట్టే. ఇంకొక సంగతీ ఉంది. ఆ కంప్యూటరులో నాన్న బ్యాంకు లెక్కలు ఉంటాయి, అమ్మ అక్కాచెల్లెళ్లకు రాసుకున్న మాటలు ఉంటాయి. పిల్లలే కావచ్చు, అడగకుండా ఏ క్షణాన్నయినా లోపలికి చూడగలగడం పెద్దవాళ్లకు ఇష్టమో కాదో ఎవరూ అడగరు. అడగాలి.

గడియ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, పిల్లలు వాడే ఈ సాధనాలనే దొంగలూ వాడతారు. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు దేశంలోని బ్యాంకులను ఎనీడెస్క్ పేరెత్తి మరీ హెచ్చరించింది. ఫోను చేసినవాడు యాప్ ఎక్కించమంటాడు, తెరమీద వచ్చిన తొమ్మిది అంకెల నంబరు చెప్పమంటాడు, అనుమతులు ఇప్పిస్తాడు, ఆపైన యూపీఐలో డబ్బు లాగేస్తాడు. యాప్‌లో తప్పు లేదు, అది చేయాల్సిన పనే చేసింది. 2022 ప్రాంతంలో దేశమంతటా కరెంటు బిల్లు మెసేజీలు తిరిగాయి. బిల్లు కట్టలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు కనెక్షన్ కోసేస్తాం, ఈ అధికారికి ఫోను చేయండి అని. ఫోను చేస్తే ఆ "అధికారి" దించుకోమనేది ఇలాంటి యాపే. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. కరెంటు బిల్లు కోసం ఆ సంస్థకు ఇంట్లో కంప్యూటరు చూడాల్సిన అవసరం ఏనాడూ రాదు.

2024 మే నెలలో మైక్రోసాఫ్ట్ కూడా తన క్విక్ అసిస్ట్‌నే కొందరు ఇలా దుర్వినియోగం చేస్తున్నారని ప్రకటించింది. వాళ్లు ముందు ఒక మనిషి ఇన్‌బాక్స్‌ను వందలకొద్దీ చెత్త ఈమెయిళ్లతో నింపేస్తారు. తర్వాత సాయం చేసే ఉద్యోగులమంటూ వాళ్లే ఫోను చేస్తారు. క్విక్ అసిస్ట్‌లో కోడ్ సాయం చేసేవాడి దగ్గర పుట్టి ఇంటికి వస్తుందని పైన చెప్పుకున్నాం. దొంగకు ఆ దారి అనువుగా ఉంటుంది. "ఇది టైపు చేయండి సార్" అంటే సరిపోతుంది.

విశాఖకు ఈ వ్యాపారం ఎక్కడో జరిగేది కాదు. అదే 2024 మే నెలలోనే డేటా ఎంట్రీ ఉద్యోగాల పేరుతో ఈ నగరం కుర్రాళ్లను కంబోడియాకు పంపిన ఏజెంట్లను విశాఖ పోలీసులు అరెస్టు చేశారు. అక్కడ వాళ్లను గదుల్లో పెట్టి ఆన్‌లైన్ మోసాలు చేయించారు. ఒప్పుకోనివాళ్లను హింసించారు. సిహనూక్‌విల్‌లో వందలమంది భారతీయులు తిరగబడితే ఆ సంగతి లోకానికి తెలిసింది. భారత రాయబార కార్యాలయం జోక్యంతో కొందరు విశాఖ విమానాశ్రయంలో దిగారు. మరుసటి ఏడాది మేలో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో అమెరికా వాళ్లకు ఫోన్లు చేసి మోసగించే కాల్ సెంటర్ బయటపడింది, ముప్పైమందికి పైగా అరెస్టయ్యారు. డల్లాసులో ఒక ముసలామె పోగొట్టుకున్న సొమ్మూ, మధురవాడలో ఒక రిటైరైన ఫోర్‌మన్ పోగొట్టుకునే సొమ్మూ పోయే దారి ఒకటే. ఫోను మోగడం, భయపెట్టడం, ఒక యాప్, ఒక కోడ్.

కాబట్టి ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. సాయం ఎప్పుడూ ఇంటినుంచి అడిగితేనే మొదలుకావాలి. అమ్మో, నాన్నో తమ ఫోనులో సేవ్ చేసుకున్న నంబరుకు తామే చేస్తారు, ఆ కాల్ నడుస్తుండగానే కోడ్ చెప్పుకుంటారు. తమంతట తాముగా ఫోను చేసి, కంప్యూటరు చూస్తామన్నవాళ్లు ఎవరైనా సరే, బ్యాంకువాళ్లయినా, మైక్రోసాఫ్ట్ వాళ్లయినా, పోలీసులయినా, ఫోను పెట్టేయాలి. కొడుకు గొంతులాగే ఉన్నా కొత్త నంబరయితే పెట్టేసి పాత నంబరుకు తిరిగి చేయాలి. మాట్లాడుతున్నది కొడుకే అయినా, తెర చూస్తున్నంతసేపూ బ్యాంకు పేజీ తెరవకూడదు, ఓటీపీ చదవకూడదు. బ్యాంకు పని ఉంటే కనెక్షన్ తీసేసి, మాటలతో చెప్పించుకుంటూ చేసుకోవడమే మేలు.

పిల్లల వైపు కూడా కొన్ని పనులున్నాయి. ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి ఇంటి కంప్యూటరులోకి రాకూడదు. చాలా కంపెనీలు దాన్ని ఒప్పుకోవు, టీమ్‌వ్యూయర్ లాంటివి వ్యాపార వాడకమని అనుమానించడానికీ అదొక కారణం. సాయం చేసే మైక్రోసాఫ్ట్, గూగుల్ ఖాతాలకు రెండంచెల భద్రత ఉండాలి. సంక్రాంతికి వచ్చినప్పుడే అంతా ఒకసారి పక్కన కూర్చుని చేయించి చూడాలి. ఫోనులో నేర్పడం కంటే ఎదురుగా ఒకసారి చేయించడం నయం. నాన్న రోజూ వాడే లాగిన్‌ను మామూలు యూజరుగా మార్చి, ప్రోగ్రాములు ఎక్కించే అధికారం వేరే ఖాతాకు పెడితే సగం గొడవలు దరికి రావు. ఇప్పటికే ఆ కంప్యూటరులో ఎప్పుడో ఎవరో ఎక్కించిన ఎనీడెస్క్ ఉంటే, వాడనప్పుడు తీసేయడమే. మళ్లీ కావాలంటే రెండు నిమిషాల పని.

దూరం నుంచి ఎంత చేసినా చేతికి అందనివి కొన్ని మిగిలిపోతాయి. నెట్ పోతే అన్నీ పోయినట్టే. రౌటరు వెనక వైరు ఊడిందా అని చూడడానికీ, ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగడానికీ మనిషి కావాలి. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటరును ఏం చేయాలో తేల్చడానికీ మనిషి కావాలి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరులో ఇచ్చే జీవన్ ప్రమాణ్‌కు వేలిముద్రో, ముఖమో చూపించాలి, అది డల్లాసు నుంచి ఎవరూ చూపించలేరు. అందుకని పక్క ఫ్లాట్లోనో, కింది అంతస్తులోనో నమ్మకమైన ఒక చదువుకున్న కుర్రాణ్ణి పిల్లలే పలకరించి పెట్టుకోవాలి. మానిటరు పక్కన గోడకు ఒక కాగితం అంటించాలి. దానిమీద పిల్లల నంబరు, ఆ కుర్రాడి నంబరు, నెట్ కంపెనీ నంబరు, వాటికింద పెద్ద అంకెల్లో 1930. డబ్బు పోయిందని అనుమానం వచ్చిన నిమిషంలోనే ముందు ఆ 1930కి చేయాలి. కొడుక్కి ఆ తర్వాత.